చక్రాల మీద కాపురం

మా వారు రిటైరై మూడు నెలలైంది. విజయవాడలో ఇల్లు అమ్మేసి, చక్రాల మీద ఇల్లు కొనుక్కుని ఊరూరా తిరుగుదామని ఒకటే పోరు. అమెరికాలో మా అబ్బాయి వారం రోజులు మోటార్‌హోంలో తిప్పాడు లెండి, అప్పట్నుంచీ వచ్చిన తంటా ఇది!

నిజం చెప్పొద్దూ, ఆ బండి చూసి నేనూ ముచ్చటపడ్డాను. బస్సంత పొడవు. ఆపాక మీట నొక్కితే పక్క గోడ బయటికి జరిగి, హాలు వెడల్పవుతుంది. నేల ఎగుడుదిగుడైనా కింద నుంచి జాకీలు దిగి బండిని మట్టంగా నిలబెడతాయి. లేకపోతే పెనం మీద దోసెల పిండి ఒక పక్కకే పారుతుంది కదా! మూడు బర్నర్ల స్టవ్వు, పెద్ద ఫ్రిజ్, ఉతికి ఆరబెట్టే వాషింగ్ మెషీను, పైన ఏసీలు, సోలార్ పలకలు. బండి ఊగినా డబ్బాలు దొర్లకుండా ప్రతి అలమరకీ గడియ.

"ఇంకేం కావాలి నీకు?" అన్నారు మా వారు.

"ముందు మన దారుల్లో ఓ రోజు తిరిగి చూద్దాం. తర్వాత చెబుతాను" అన్నాను.

ఓ ఆదివారం తెల్లవారుజామున వ్యాను మాట్లాడుకుని హంసలదీవి బయల్దేరాం. ఉయ్యూరు దగ్గర చెరకు తోటలు, ఆ తర్వాత వరిచేలు, అక్కడక్కడా కాలువలు. కళ్ళకి పండగే అనుకోండి. పామర్రు దాటి కూచిపూడి వెళ్ళే దారిలో నిమ్మకూరు వచ్చింది. ఎన్టీ రామారావు గారి ఊరు. మా వారు హుషారుగా అందుకున్నారు.

"1982లో ఆయన పాత షెవర్లే వ్యానుకి మార్పులు చేయించి, చైతన్యరథం అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరగలా? కొడుకు హరికృష్ణే డ్రైవరు. నెలల తరబడి తిండీ నిద్రా అందులోనే!"

"మరి స్నానం?"

"రోడ్డు పక్కనే."

"మగమహారాజు కనుక సరిపోయింది. మరి నా సంగతేమిటండీ?"

ఆయన మాట్లాడలేదు. నాకు అప్పటికే బాత్రూము అవసరం. దారిలో ఓ పెట్రోలు బంకులో ఆపితే, ఆడవాళ్ళ బాత్రూముకి తాళం! తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి వాళ్ళకే తెలీదు. మోపిదేవి గుడి దాకా పళ్ళబిగువున కూర్చున్నాను. ప్రయాణమంటే పొద్దున్నించీ మంచినీళ్ళు తాగడం మానేసే అలవాటు మనలో ఎంతమందికి లేదు చెప్పండి? చక్రాల ఇంట్లో ఆడదానికి అసలు సుఖం ఏసీ కాదు, సోఫా కాదు. లోపల గడియ పెట్టుకోగల ఆ చిన్న బాత్రూమే!

దానికీ ఓ చిక్కుంది. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్ళకొకటి, వంటింటి, స్నానాల నీళ్ళకొకటి, పాయిఖానాకొకటి. పెద్ద బండిలో మంచినీళ్ళు దాదాపు నాలుగువందల లీటర్లు పడతాయి. ఇద్దరు పొదుపుగా వాడుకుంటే ఓ వారం. మురుగు ఖాళీ చేయడానికి అమెరికాలో బండ్లు నిలిపే చోట్ల ప్రత్యేకంగా గొట్టాలుంటాయి. మన దగ్గరో? ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువ నీళ్ళే చెరువులకి పెట్టుకుని తాగే ఊళ్ళివి. వాటిలో వదిలిపెట్టగలమా?

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనమయ్యాక, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట కూర్చుని పులిహోర తింటూ నా తీర్పు చెప్పాను. "ఇల్లు ఉండనివ్వండి. కేరళలో 2021లోనే కారవాన్ టూరిజం మొదలుపెట్టారు. అక్కడ పదిరోజులు అద్దెకి తీసుకుని చూద్దాం."

మీకూ అలాంటి ఆలోచన ఉంటే బేరమాడే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. బాత్రూముకి లోపల గడియ ఉందా? ట్యాంకుల్లో నీళ్ళెన్ని పడతాయి, మురుగు ఎక్కడ ఖాళీ చేస్తారు? స్టవ్వు పక్కన కిటికీ ఉందా? లేకపోతే తాలింపు ఘాటు పడకల దాకా వస్తుంది. పడక రోజూ మడిచి విప్పక్కర్లేకుండా ఉందా?

మా వారు ఒప్పుకున్నారు. ఇప్పుడు టేపు పట్టుకుని నా ఆవకాయ జాడీ కొలతలు తీస్తున్నారు!