ఫిరోజారాయి రంగు మారుట

నవరత్నములలో చేరని రాళ్లు మన యిండ్లలోనికి వచ్చునపుడు ఒంటరిగా రావు. వానివెంట నొక కథయు వచ్చును. ఫిరోజా యట్టిది. మా చిన్ననాట మార్కాపురములో మేము దీనిని కొందఱు ముసల్మానుల చేతి వెండియుంగరములందే చూచితిమి. ఇప్పుడు హైదరాబాదునుండి వచ్చు బంధువుల వెంటను, జాతకములు చూచి రాళ్లమ్మువారి వెంటను మన వీధులకు వచ్చుచున్నది. దానితో వచ్చిన కథ యేమనగా, ధరించినవారికి గాని వారి మనుష్యులకు గాని కీడు రానున్నచో ఆ రాయి ముందుగా రంగు మార్చి తెలుపునట. ఇది మన దేశమున పుట్టిన కథ కాదు. పారశీకులు చెప్పుకొనిరి, ఐరోపావారును చెప్పుకొనిరి. 1609లో రత్నములనుగూర్చి పెద్ద గ్రంథము ప్రకటించిన ఆన్సెల్మస్ డి బూట్ అను వైద్యుడు సయితము తన ఫిరోజానుగూర్చి యిట్టి వృత్తాంతమునే వ్రాసికొనెను. కథగా విన్నంతవఱకు దీనివలన బాధ లేదు. ఒక కోడలి నెత్తిమీదికి వచ్చినపుడు మాత్రము మే మూరకుండలేకపోతిమి.

మా వీధిలో నొక యిల్లు. పేర్లతో పని లేదు. ఆ యింటి క్రొత్తకోడలికి మేనమామ పెండ్లికానుకగా ఫిరోజారాళ్లు రెండు తెచ్చి, ఒకదానిని ఆమెకు వెండియుంగరములో పొదిగించెను, రెండవదానిని ఆమె చెల్లెలికి మెడలోని బిళ్లగా చేయించెను. రెండును ఒక్కతీరుగా లేత యాకాశపు రంగున నుండుట మేము పెండ్లినాడు చూచితిమి. ఎనిమిది నెలలు గడచుసరికి ఉంగరపు రాయి పాచిరంగునకు తిరిగెను. ఆ దినములలోనే ఆమె భర్తకు టైఫాయిడు జ్వరము తగిలి మూడు వారములు మంచము పట్టెను. ఇంక చెప్పవలయునా? అత్తగారు మా యరుగుమీద కూర్చుండి, “రాయే చెప్తా ఉంది గదా అయ్యవారమ్మా, ఆ పిల్ల పాదం ఎట్టాంటిదో” అనిరి. జ్వరము తగ్గినది గాని మాట తగ్గలేదు. కోడలిని కొంతకాలము పుట్టింట నుంచి చూతమని యాలోచన సాగుచుండెను. ఆ పిల్ల యొకనాటి మధ్యాహ్నము పెరటిగోడ యావల నిలిచి, “ఉంగరం తీసి బాయిలో పారెయ్యమంటారా అక్కా?” అని యడిగినది. పాఱవేయవలదనియు, రాతి సంగతి మేము చూచి చెప్పెదమనియు అంటిమి.

మేము మొదట తీసినవి మా తండ్రిగారి పుస్తకములు. రాజనిఘంటువులో దీనికి పేరోజమని పేరు. సంస్కృతపు చీర కట్టినను అది పారశీకుల పిరోజయే. హరితాశ్మ మనియు నామాంతరము కలదు. ఆ నిఘంటుకారుడు దీనిని బూడిదవన్నెది, ఆకుపచ్చనిది యని రెండు తెగలుగా పంచెను. కంటికి తోచు వన్నెనుబట్టి చేసిన విభాగమది. కొనువానికి పనికివచ్చును గాని, వన్నె యెందులకు మారునో చెప్పజాలదు.

నేటి ఖనిజశాస్త్రజ్ఞులు వన్నెను నమ్మరు. రాతిలో నేయే ధాతువులు కూడినవి, ఏ వరుసను పేర్చుకొన్నవి యని చూచి వర్గము లేర్పఱచెదరు. ఆ లెక్కను ఫిరోజా ఫాస్ఫేటుల వర్గములోనిది. మన యెముకలలో సున్నపుధాతువుతో చేరియుండు భాస్వరమే యిందు రాగితోను, అల్యూమినియముతోను చేరియున్నది. తూచి చెప్పవలెనన్న, శుద్ధమైన ఫిరోజా నూఱు పాళ్లలో రాగి 8 పాళ్లకు కొంచెము తక్కువ; అల్యూమినియ మించుమించు 20. మాకు మిక్కిలి యాశ్చర్యమైన దేమనగా, ఆ రాతిని బాగుగా కాల్చినచో 18 పాళ్లకు కొంచెము తక్కువగా నీరై పోవును! తడి యేమియు తగులని రాతిలో నంత నీరు కట్టుబడియున్నది. రాగి యింత స్వల్పమైనను ఆ నీలవర్ణమునకు మూలమదియే.

అల్యూమినియముండవలసిన స్థానములలో కొన్నిటిని ఇనుము ఆక్రమించెనా, నీలము పచ్చదనమునకు తిరుగును. అన్నిటిని ఆక్రమించినచో దానిని ఫిరోజా యనరు, చాల్కోసిడరైటు అందురు. రాగి స్థానమున తుత్తునాగము, అనగా జింకు, చేరినది ఫాస్టైటు. ఇవియన్నియు ఫిరోజా కుటుంబమే. పుట్టిండ్లు వేఱైనను ఒక్క యింటి కట్టుబాటున నడచు తోడికోడండ్రని మేము నవ్వుకొంటిమి. కావున గనిలోనుండియే పచ్చగా వచ్చు ఫిరోజాయు కలదు. పుట్టుకతో పచ్చనైనది వేఱు, చేతి కెక్కిన పిమ్మట పచ్చనైనది వేఱు.

ఈ రెండవదానికి కారణము రాతి యల్లికలో నున్నది. స్ఫటికమువలె నిది తళతళలాడదు. దీని స్ఫటికములు కంటి కానని సూక్ష్మములు. కంటికి కనబడు స్ఫటికములు 20వ శతాబ్దపు మొదటనే గదా అమెరికాలోని వర్జీనియాలో దొరికినవి. ఆ సూక్ష్మకణములు ముద్దగా నొత్తుకొని యేర్పడిన రాతిలో, వాని నడుమ సందులుండును. కొన్ని రాళ్లలో నవి తక్కువ, కొన్నిటిలో నెక్కువ. సందు లెక్కువైన రాయి నూనెను, చెమటను, సబ్బునీటిని, అత్తరును పీల్చుకొని నానాటికి మసకబాఱి పచ్చవడును. మన చేతులు దినమంతయు వేనిలో మునుగుచుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. పోపులో చిందిన నూనె, చింతపండు పులుసు, పసుపు, తలంటినాటి నువ్వులనూనె, అంట్ల సబ్బు. ఈ మధ్య వీనికి తోడు శానిటైజరు. ఆ పిల్ల చేయి పెండ్లినాటినుండి యొక్క దినము విశ్రమించినదా?

ఇదంతయు చెప్పగా అత్తగారు వినిరి గాని నమ్మలేదు. అందుచేత మేము రెండు పనులు చేయించితిమి. చెల్లెలి బిళ్లను తెప్పించితిమి. అది పండుగలకే గాని పెట్టె వెడలనిది, పెండ్లినాటి వన్నెతోనే యున్నది. పిదప మా వీధి ఆచారిగారిచేత ఉంగరపు రాతిని గూటినుండి పైకి తీయించితిమి. పైభాగము పాచిరంగు, వెండిగూటిలో దాగిన అంచును అడుగును మాత్రము ఇంకను నీలమే. కీడు చెప్పు రాయి పైకొక మాట, లోపలొక మాట చెప్పునా? అత్తగారు కన్నులద్దములు పెట్టుకొని మూడుమారులు త్రిప్పి చూచి, “అయితే అన్నం వండిన చెయ్యే గదా ఇది” అనిరి. టైఫాయిడు కలుషితమైన నీటివలనను, ఆహారమువలనను వచ్చునని డాక్టరు ముందే చెప్పియుండెను. ఆ మాట అప్పుడు గాని చెవి కెక్కలేదు. పుట్టింటి ప్రయాణపు సంగతి మఱల రాలేదు. కోడలితో నొక మంచిమాట యనవలసినది, అనలేదు. అది మాకు నచ్చలేదు.

ఆనాడే వారు మఱియొక ప్రశ్న వేసిరి: మన దిక్కు కొండలలోను పచ్చరాళ్లు దొరకును గదా, అవి ఫిరోజా కావా యని. మంచి ప్రశ్న. గిద్దలూరునుండి మార్కాపురము రోడ్డు మీదుగా రైలులో తూర్పునకు పోయిన వినుకొండ వచ్చును. అచ్చటికి చేరువ అగ్నిగుండాల ప్రాంతమున నల్లకొండ, ధూకొండలలో రాగియు, బండ్లమొట్టులో సీసమును కలవు. రాగిరాయి గాలికి, వానకు తగిలినచోట పచ్చని పొర కట్టును. అట్టి తునక యొకటి మా యింటివారు బడిపిల్లలకు చూపుటకై దాచియుంచిరి. దాని పేరు మాలకైటు. అది రాగి కార్బొనేటు, ఫాస్ఫేటు కాదు. గాఢమైన ఆమ్లపు చుక్క పడిన బుసబుస పొంగును. అల్యూమినియము లేక రాగియు ఫాస్ఫేటును ప్రధానముగా గల ముదురాకుపచ్చ రాళ్లును కొన్ని కలవు. వానిలో లిబెథెనైటు ఒకటి, సూడోమాలకైటు మఱియొకటి. ఈ రెండవదాని పేరునకు దొంగమాలకైటని యర్థము. పేరు పెట్టినవారును ఒకప్పుడు వన్నె చూచి మోసపోయినవారేమో!

మన మార్కాపురపు పలక బంకమన్ను గట్టిపడి యైనది, కనుక దానిలో అల్యూమినియమునకు కొదువ లేదు. కాని రాగి యొకచోట, అల్యూమినియ మొకచోట నున్నంత మాత్రమున ఫిరోజా కాదు. ఎండిన దేశములలో, భూమి పైపొరలకు చేరువగా, రాగిరాళ్లగుండ నింకు నీరు ఆ రాగిని, చుట్టునున్న రాళ్లలోని అల్యూమినియమును, భాస్వరమును ఒక్క పగులులోనికి చేర్చవలెను. ఇరానులోని నిషాపూరు గను లిందుకు లోకప్రసిద్ధములు. ప్రాచీన ఐగుప్తులు సీనాయి కొండలలో త్రవ్విరి. నేడు చైనానుండియు, అమెరికానుండియు కూడ వచ్చుచున్నది.

ఇంత దూరమునుండి రావలసిన రాయి వీధి గుమ్మములో చవుకగా దొరకినపుడు సందేహింపవలెను. హౌలైటు, మాగ్నసైటు అను తెల్లరాళ్లకు నీలిరంగు పట్టించి ఫిరోజా యని యమ్ముట కలదు. ఫిరోజాపొడిని జిగురుతో ముద్దచేసి బిళ్లలు కోయుటయు కలదు. గోళ్లరంగు తీయు ద్రవములో దూదిని ముంచి రాతి యడుగున రాచినపుడు నీలము దూదికంటెనా, అది అద్దకమే. అంటనంత మాత్రమున మంచిదని నిశ్చయింపరాదు. నిజమైన ఫిరోజా యైనను కెంపు, నీలములవంటి గట్టిరాయి కాదు. వానితో నొక్క డబ్బీలో వేసిన గీతలు పడును. ఉంగరము అతికింప నిచ్చునపుడు రాతిని ముందు తీయుమని ఆచారితో చెప్పవలెను, వేడికి లోని నీరు పోయి రాయి గోధుమవన్నెకు తిరుగును గనుక. కుంకుడురసము, చింతపండు, సబ్బు దీనికి తగవు. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో నద్ది, వంటయింటిలోనికి పోవుటకు ముందే తీసి వేఱుగా మెత్తని గుడ్డలో చుట్టి పెట్టుకొనవలయును.