చుక్కల చాటు పాస్‌వర్డులు

పాస్‌వర్డ్ డబ్బాలో నల్లచుక్కలు కనబడితే చాలు, మనకి అదో ధీమా. నిజానికి ఆ చుక్కలు పక్కసీట్లోంచి తొంగిచూసేవాళ్ళ కోసమే. బ్రౌజర్ పాస్‌వర్డ్ నింపాక ఎఫ్12 కొట్టి, ఆ డబ్బా టైపు 'పాస్‌వర్డ్' అని ఉన్నచోట 'టెక్స్ట్' అని మార్చి చూడండి. చుక్కలు పోయి అక్షరాలొస్తాయి. అరనిమిషం పని. ఇది బగ్గు కాదండోయ్, పద్ధతే అంత.

మరి అసలు తాళం ఎక్కడుంది? విండోస్‌లో క్రోమ్ సంగతే తీసుకుందాం. సేవ్ చేసినవన్నీ 'లాగిన్ డేటా' అనే ఎస్‌క్యూలైట్ ఫైల్లో ఉంటాయి. ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, అబద్ధం లేదు. కాకపోతే ఆ తాళంచెవిని విండోస్ మన లాగిన్‌కి ముడిపెట్టి దాస్తుంది. మొన్నమొన్నటి దాకా, మనం లాగినై ఉండగా మన పేరు మీద నడిచే ప్రోగ్రామ్ ఏది అడిగినా తీసి ఇచ్చేసేది. అడిగింది క్రోమా, నెట్లోంచి దింపిన క్రాక్ సాఫ్ట్‌వేరా అన్న తేడా దానికి ఉండేది కాదు. బీరువాకి తాళమేసి, చెవి బీరువా మీదే పెట్టినట్టన్నమాట.

2013లో ఇలియట్ కెంబర్ అనే డెవలపర్ దీనిమీద గట్టిగానే గొడవ చేశాడు. అప్పట్లో క్రోమ్ సెట్టింగుల్లోకెళ్ళి 'షో' నొక్కితే పాస్‌వర్డ్ కనబడేది, అడ్డేమీ ఉండేది కాదు. ఎవడైనా మీ లాగిన్‌లోకి వచ్చేశాక ఇంకేం చేసినా దండగే, మాస్టర్ పాస్‌వర్డ్ పెడితే ఉత్తుత్తి ధైర్యం వస్తుందంతే అని క్రోమ్ సెక్యూరిటీ టీమ్ వాదన. వాదన సబబే. కానీ ఆ సంగతి మామూలు జనానికి ఎవరు చెప్పాలి? తర్వాత్తర్వాత చూపించే ముందు విండోస్ పాస్‌వర్డ్ అడగడం మొదలెట్టారు. 2024 జులైలో క్రోమ్ 127తో, అడిగేది క్రోమేనా అని కూడా చూసే ఏర్పాటు తెచ్చారు, ముందుగా కుకీలకి. కొన్ని నెలల్లోనే దొంగలు దాన్నీ దాటే దారులు వెతికారు.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. పెట్టకపోతే మాత్రం ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసుకెళ్తే చాలు.

అలాగని అసలు సేవ్ చేయొద్దని నేననను. నకిలీ బ్యాంకు సైటుకి మనం మోసపోవచ్చు గానీ, అడ్రసు వేరైతే బ్రౌజర్ నింపదు. పైగా అన్నీ గుర్తుపెట్టుకోవాలంటే అన్ని సైట్లకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేస్తాం, అది ఇంకా ప్రమాదం.

చేయాల్సిందల్లా ఆ లాగిన్‌ని కాపాడుకోవడం. మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. నాన్నగారి పెన్షన్ అకౌంటూ, అన్నయ్య కొడుకు గేములూ అన్నీ ఒకే లాగిన్. మొన్న ఊరెళ్ళినప్పుడు విడగొట్టా. పిల్లాడికి అడ్మిన్ హక్కుల్లేని లాగిన్ వేరే పెట్టా. "మనింట్లో మనకి తాళాలేంట్రా?" అన్నారు నాన్నగారు, కాస్త నొచ్చుకుని. తాళం మీ మనవడికి కాదు నాన్నా, వాడు దింపే గేముకి అని చెప్పా. సగం నమ్మారు. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చి, ఈసారి బ్రౌజర్‌లో సేవ్ చేయకుండా డైరీలో రాయించా. డైరీని ఏ వైరసూ చదవలేదు కదా :)

ఆఫీసులో కాఫీకి లేచినా విండోస్-ఎల్ నొక్కే బ్యాచ్ మనం. మరి మీ ఇంట్లో కంప్యూటర్‌కి ఎన్ని లాగిన్లున్నాయి?