ముందు ఎవరిని ‘పాపం’ అంటాం?



2023 అక్టోబర్ 10న మన ఉప్పల్ స్టేడియంలో శ్రీలంక, పాకిస్తాన్ మధ్య ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. మీలో చాలామంది పిల్లలతో కలిసి టీవీలో చూసే ఉంటారు. శ్రీలంక బ్యాట్స్‌మన్ కుశాల్ మెండిస్ ఆ రోజు 77 బంతుల్లో 122 పరుగులు కొట్టాడు. 65 బంతులకే వంద దాటాడు. ప్రపంచకప్‌లో శ్రీలంక తరఫున అప్పటికి అదే అత్యంత వేగమైన సెంచరీ. చివరికి పాకిస్తాన్ 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచింది కానీ, మెండిస్ ఆట మాత్రం చూసినవాళ్లకు గుర్తుండిపోయింది.

అదే మెండిస్ గురించి అంతకు మూడేళ్ల ముందు ఇంకో వార్త వచ్చింది. 2020 జూలై 5న తెల్లవారుజామున, కొలంబోకు దక్షిణాన ఉన్న పానదురలో, అతను నడుపుతున్న కారు ఢీకొని సైకిల్ మీద వెళ్తున్న 64 ఏళ్ల మనిషి చనిపోయాడు. పోలీసులు మెండిస్‌ను అరెస్టు చేశారు. మరునాడు కోర్టు బెయిల్ ఇచ్చింది. అప్పటికి అతని వయసు 25.

తప్పెవరిదో తేల్చడం కోర్టు పని. అతను మళ్లీ బ్యాట్ పట్టకూడదని కూడా నేను అనను. నేను మీతో మాట్లాడాలనుకున్నది మన గురించి. ఇలాంటి వార్త టీవీలో వచ్చినప్పుడు, పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న పిల్లల ముందు మన నోట్లోంచి వచ్చే మొదటి మాట గురించి.

తెలుగులో ‘పాపం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఎవరైనా చేయకూడనిది చేస్తే అది పాపం. ఎవరి మీదైనా జాలి కలిగినా ‘పాపం’ అనే అంటాం. మామూలుగా ఈ రెండూ ఇద్దరు వేర్వేరు మనుషులకు చెందాలి. చేసినవారిది ఒక పాపం, పోయినవారికి ఇంకో పాపం. స్టీరింగ్ వెనక పేరున్న మనిషి ఉన్నప్పుడు ఈ లెక్క తారుమారవుతుంది. జాలి కూడా ఆయనకే వెళ్లిపోతుంది. ‘పాపం, మంచి ఫామ్‌లో ఉన్నాడు’, ‘పాపం, టైం బాగాలేదు’, ‘పాపం, కెరీర్ ఏమవుతుందో’ అంటాం.

నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాశాను. మొదటిదానికి అర్థం ‘లారీ డ్రైవర్ సైకిల్ మీద వెళ్తున్న వ్యక్తిని చంపాడు’ అని. రెండోదానికి అర్థం ‘క్రికెట్ స్టార్ కారుకు జరిగిన ప్రమాదంలో ఒక వ్యక్తి మృతిచెందాడు’ అని. ఏ వాక్యంలో ఎవరు ఏం చేశారో చెప్పమన్నాను.

‘ఫస్ట్ దాంట్లో డ్రైవర్ చంపిండు మేడం. సెకండ్ దాంట్లో యాక్సిడెంట్ అయింది’ అన్నాడు ఒక అబ్బాయి. గ్రామర్ ప్రకారం సరైన జవాబే. ఒక వాక్యంలో చేసినవాడు ఉన్నాడు. రెండోదాంట్లో చేసినవాడు లేడు, ప్రమాదం తనంతట తాను జరిగిపోయింది. తర్వాత, రెండో వార్త గురించి మీకు ఇంకా ఏం తెలుసుకోవాలని ఉందో అడిగాను. ఆ క్రికెటర్ ఎవరు, ఏ టీమ్, ఏ కారు, ఇక ఆడనివ్వరా అని వరసగా ప్రశ్నలు వచ్చాయి. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, ‘మేడం, ఆ సైకిలాయన డ్యూటీకి పోతుండెనా, ఇంటికొస్తుండెనా?’ అంది. వాళ్ల నాన్న పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు.

మన ఇస్నాపూర్‌లో ఆ ప్రశ్న తప్పకుండా పుట్టాల్సిన ప్రశ్న. ముంబై హైవే మీద నుంచి పాశమైలారం పారిశ్రామికవాడకు తిరిగే మన చౌరస్తాలో, ఫస్ట్ షిఫ్టుకు ముందు ఒక్కసారి నిలబడి చూడండి. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు, పది మందిగా కలిసి నడిచి వెళ్లేవాళ్లు, ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికి వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్ల పక్క నుంచే లారీలు, కంపెనీ బస్సులు, మన స్కూల్ బస్సులు, మీ కార్లు వెళ్తుంటాయి. పానదురలో ఆ తెల్లవారుజామున సైకిల్ మీద వెళ్లిన మనిషిలాంటివాళ్లు మనకు రోజూ ఎదురవుతూనే ఉన్నారు.

మా బాబాయి కూడా అలా సైకిల్ మీద డ్యూటీకి వెళ్లేవాడే. నేను డిగ్రీలో ఉండగా ఒక కారు ఆయన్ను వెనక నుంచి గుద్దింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. చూడటానికి వచ్చినవాళ్లలో సగం మంది అడిగింది ‘అంత చీకట్లో సైకిల్ మీద ఎందుకు పోయినవ్?’ అని. మిగతా సగం మంది ‘కారు ఎవరిదట?’ అని అడిగారు. కారు పెద్దవాళ్లదైతే రాజీ చేసుకోమని, మామూలువాళ్లదైతే వదలొద్దని సలహా. మంచం మీదున్న మనిషి అదే, విరిగిన కాలూ అదే. డ్రైవర్‌ను బట్టి ఆ కాలు విలువ మారిపోతోందని నాకు అప్పుడే అర్థమైంది.

లారీ డ్రైవర్ విషయంలో మనం ఎలా ఉంటామో ఈ హైవే పక్కన ఉండే మీకు చెప్పక్కర్లేదు. నిమిషంలో జనం పోగవుతారు, అద్దాలు పగులుతాయి. తప్పు అతనిదా కాదా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. 2024 జనవరి మొదట్లో పెట్రోల్ బంకుల దగ్గర బారులు తీరిన క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. భారతీయ న్యాయ సంహితలో, ప్రాణం తీసిన ప్రమాదం తర్వాత పోలీసులకు చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా జైలు అనే నిబంధన పెట్టారు. దాని మీదే డ్రైవర్లు సమ్మె చేశారు. ‘ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే జైలు’ అన్నది వాళ్ల బాధ. దాంతో ప్రభుత్వం ఆ నిబంధన అమలును ఆపింది. పారిపోవడం తప్పే. కానీ ఒకరికి రాళ్లు, ఇంకొకరికి ‘టైం బాగాలేదు’ అనే ఓదార్పు ఇస్తే అది న్యాయం అవుతుందా?

స్టార్ మీద కోపంతో ఊగిపోయేవాళ్లూ ఉంటారు. 2021 నవంబర్ 2న అమెరికాలోని లాస్ వేగాస్‌లో హెన్రీ రగ్స్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు మద్యం తాగి, గంటకు 250 కిలోమీటర్లకు పైగా వేగంతో కారు నడిపి ఇంకో కారును గుద్దాడు. ఆ కారుకు మంటలంటుకుని అందులో ఉన్న 23 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. అదే రోజు అతని టీమ్ అతన్ని తీసేసింది. 2023 ఆగస్టులో కోర్టు 3 నుంచి 10 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఇలాంటప్పుడు ఒకరు ‘ఎంత టాలెంట్ వృథా అయింది’ అంటారు, ఇంకొకరు ‘డబ్బు మదం, ఉరి తీయాలి’ అంటారు. గమనించండి, రెండు మాటలూ ఆటగాడి గురించే. పోయిన అమ్మాయి గురించి ఒక్క మాటా లేదు.

మన దేశంలోదే ఇంకో కేసు చెబుతాను. అది వాహన ప్రమాదం కాదు, రోడ్డు మీద జరిగిన గొడవ. 1988 డిసెంబర్‌లో పటియాలాలో పార్కింగ్ దగ్గర మాటామాటా పెరిగి జరిగిన ఆ గొడవలో 65 ఏళ్ల మనిషి చనిపోయారు. అందులో నిందితుడు అప్పటి భారత క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ. ఆ తర్వాత ఆయన ఇండియాకు ఎన్నో మ్యాచ్‌లు ఆడారు, కామెంటరీ చెప్పి మనల్ని నవ్వించారు, ఎంపీ అయ్యారు, పంజాబ్‌లో మంత్రి అయ్యారు. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో వదిలింది. చనిపోయినవారి కుటుంబం మళ్లీ కోర్టు తలుపు తట్టింది. 2022 మే నెలలో అదే కోర్టు ఏడాది జైలు శిక్ష వేసింది. గొడవ జరిగిన నాటి నుంచి శిక్ష పడే నాటికి 33 ఏళ్లు దాటాయి. మనం టీవీ ముందు కూర్చుని నవ్వుతున్న అన్నేళ్లూ ఒక ఇంట్లో వాళ్లు వాయిదాల తేదీలు లెక్కపెట్టుకుంటూ ఉన్నారు.

ఇదంతా స్కూల్ పత్రికలో ఎందుకంటారా? మన ఇళ్లలోనూ స్టార్లు ఉన్నారు. వాళ్లు బ్యాట్ పట్టరు, ర్యాంకులు తెస్తారు.

మన ముందున్న ఈ హైవే పట్టుకుని వెళ్తే పుణె వస్తుంది. 2024 మే 19న అక్కడ 17 ఏళ్ల అబ్బాయి నడుపుతున్న పోర్షే కారు బైక్‌ను ఢీకొట్టింది. 24 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఇద్దరు చనిపోయారు. ఆ అబ్బాయి పన్నెండో తరగతి పాసైనందుకు స్నేహితులతో సంబరం చేసుకుని వస్తున్నాడని వార్తలు వచ్చాయి. రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల ఎస్సే రాయాలనేది అతనికి బెయిలిచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో ఒకటి. దేశమంతా మండిపడింది, తర్వాత అతన్ని అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు, కారు ఇచ్చినందుకు తండ్రినీ అరెస్టు చేశారు. రోజూ పిల్లల చేత ఎస్సేలు రాయించేదాన్ని కాబట్టి నాకు ఆ 300 పదాలు మర్చిపోవడం కష్టం. రెండు ప్రాణాలకు, మేం హాలిడే హోంవర్క్‌గా ఇచ్చేంత రాత.

‘మావోడు మంచిగ నడుపుతడు మేడం, ట్యూషన్ దాకానే కదా’ అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలాసార్లు విన్నాను. చదువులో ముందున్నాడు కాబట్టి బాధ్యత కూడా తెలిసినవాడే అని మన నమ్మకం. ఆ నమ్మకం మెండిస్ సెంచరీ చూసి మనకు కలిగే నమ్మకం లాంటిదే. బాగా ఆడేవాడు బాగా నడుపుతాడని లేదు. లెక్కల్లో వందకు వంద వచ్చినా మలుపులో సైకిల్ కనపడాలని లేదు. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది.

శిక్ష కంటే నాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకొకటుంది. ఇంటి స్టార్ వల్ల ఎవరికైనా ఏదైనా అయితే మనం ముందు అనే మాట. ‘చదువుకునే పిల్లాడు, వాడి భవిష్యత్తు పాడవుతుంది.’ ఆ మాట పిల్లాడు వింటాడు. తన భవిష్యత్తు ఎదుటి మనిషి ప్రాణం కంటే బరువైనదని ఆ రోజు నేర్చుకుంటాడు. మేం స్కూల్లో పదేళ్లు చెప్పినా ఆ ఒక్క పాఠాన్ని చెరపలేం.

మరి ఏం చేయాలి? పద్దెనిమిది నిండే దాకా తాళం చేతికివ్వకండి, ట్యూషన్ ఎంత దగ్గరైనా సరే. బండి నడిపే వయసు వచ్చాక ఒక సంగతి ముందే చెప్పి ఉంచండి. ఎవరికైనా తగిలితే బండి ఆపాలి, దెబ్బతిన్న మనిషికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం డ్రైవర్ నుంచి కోరేది ఇదే. ‘ముందు మాకు ఫోన్ చెయ్’ అని మాత్రం నేర్పకండి. ముందు 108కి, తర్వాతే అమ్మానాన్నలకు. దారిలో వేరెవరికో ప్రమాదం జరిగి ఉంటే కారు ఆపండి, పిల్లలు వెనక సీట్లో ఉన్నా ఆపండి. సాయం చేసినవారిని కేసుల్లోకి లాగకుండా 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది.

ఇక ఈసారి ఏ క్రికెటరో, హీరోనో, నాయకుడి కొడుకో ఇలాంటి వార్తలోకి వచ్చినప్పుడు, ఆయన కారు ఏ కంపెనీదో, కెరీర్ ఏమవుతుందో మాట్లాడుకునే ముందు, పోయిన మనిషి గురించి ఒక ప్రశ్న పిల్లల ముందు వేయండి. ఆయన ఏం పని చేసేవారు? ఇంట్లో ఎవరెవరున్నారు? జవాబు వార్తలో దొరక్కపోవచ్చు. దొరకలేదన్న సంగతి పిల్లలు గమనిస్తే చాలు. మొదటి ‘పాపం’ ఎవరికి చెందాలో వాళ్లకు తెలుస్తుంది.

— ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ టీచర్, ఇస్నాపూర్ బ్రాంచ్