మొక్కల లైటుకు ఏ వైరు?

ఈ సంచికలో కవితలు ఉంటాయి, పాత అన్నల జ్ఞాపకాలు ఉంటాయి. వాటి మధ్య ఒక వైరు గురించి వ్యాసం ఏమిటని మీకు నవ్వు రావచ్చు. అయినా రాస్తున్నాం. ఎందుకంటే జిల్లా సైన్స్ ఫెయిర్ కోసం పదో తరగతి వాళ్లం ఐదుగురం కలిసి చేసిన ఎల్.ఈ.డి. లైటులో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది వైరు దగ్గరే. అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే.

మన హాస్టల్ వెనక ఏ నారు పోసినా కోతులు ఉండనివ్వవని అందరికీ తెలిసిందే. అందుకని మిరప నారును ట్రేలలో పోసి స్టోరు గదిలో పెంచుదామనుకున్నాం. ఆ గదికి పైన చిన్న వెంటిలేటరు తప్ప కిటికీ లేదు. వెలుతురు చాలకపోతే మొలక సన్నగా, పొడుగ్గా సాగి వాలిపోతుంది. కాబట్టి లైటు కావాలి.

ఆకు ముఖ్యంగా ఎరుపు, నీలి కాంతులను వాడుకుంటుందని సైన్సు సారు చెప్పారు. ఈ రోజు మనం చూసే తెల్ల ఎల్.ఈ.డి. లోపల ఉండేది మామూలుగా నీలి ఎల్.ఈ.డి.నే. దాని మీది పసుపు పూత వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి ఎల్.ఈ.డి.ని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మేము తెల్ల స్ట్రిప్పునే తీసుకున్నాం. మీటరుకు 14.4 వాట్ల రకం రెండున్నర మీటర్లు కొని అల్యూమినియం రేకు మీద అంటించాం. మొత్తం 36 వాట్లు. 12 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి 3 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కరెంటు ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను సైన్సు సారే ఇచ్చారు.

స్టోరు గదికి, మేము పడుకునే హాలుకు మధ్య ఒక్కటే గోడ. ఇటు ట్రంకు పెట్టెలు, పరుపులు, దండెం మీద బట్టలు, నలభై మంది పిల్లలు. అటు బియ్యం సంచులు, ఖాళీ గోనెలు. హాలుకు తలుపు ఒక్కటే. అందుకే వార్డెన్ సారు ఒక షరతు పెట్టారు. "లైటు రోజుకు 14 గంటలు వెలుగుతుందంటున్నారు. ఆ వైరు ఎందుకు వేశారో లెక్క చూపించండి. అప్పుడే స్విచ్చి వేయనిస్తాను" అన్నారు.

మా దగ్గర ఉన్న డబ్బు తక్కువ. సబ్బులకు, నూనెకు ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి మిగుల్చుకున్నది స్ట్రిప్పుకే సరిపోయింది. ఊరికే దొరికేది పాత టెలిఫోన్ వైరు. "12 వోల్టులకు షాకే కొట్టదు, ఏ వైరైతే ఏంది?" అని మాలో ఇద్దరి వాదన. "ఇంటి వైరింగుకు వాడే రెండున్నర వైరు వేస్తే భయమే ఉండదు" అని ఇంకొకడు. అది లావు, గట్టి, ధర కూడా ఎక్కువ.

మాలో ఒకడి నాయన వైర్‌మన్ వెంట కూలికి పోతాడు. కొడుకును చూడటానికి ఆదివారం వచ్చినప్పుడు ఆయన్నే అడిగాం. ఆయన అన్న మాట మాకు అలాగే గుర్తుంది. "లైటును చూసి గాదు బిడ్డా, గోడవతల నిద్రపోయేటోళ్లను చూసి వైరు కొనాలె." తర్వాత ఇంకో మాట చెప్పాడు. "230 దిక్కు తొడుగు చూడుండ్రి. 12 దిక్కు లావు చూడుండ్రి."

ఆ రెండో మాటను మేము బోర్డు మీద లెక్క వేసి చూశాం. 36 వాట్ల లైటు 230 వోల్టుల వైపు లాగేది దాదాపు 0.2 ఆంపియరు. అదే 12 వోల్టుల వైపు 3 ఆంపియర్లు. అంటే వోల్టేజి తగ్గిన కొద్దీ వైరు మీద బరువు పెరుగుతుంది. షాకు కొట్టదు గాని వైరు వేడెక్కుతుంది.

జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం మన పదో తరగతి పుస్తకంలో ఉన్నదే. స్విచ్ బోర్డు దగ్గరి డబ్బా నుంచి లైటుకు 3 మీటర్లు. కరెంటు పోవాలి, తిరిగి రావాలి కాబట్టి 6 మీటర్ల లెక్క. టెలిఫోన్ తీగను ల్యాబులో స్క్రూ గేజితో కొలిస్తే అర మిల్లీమీటరు మందం, అంటే 0.2 చదరపు మిల్లీమీటర్లు. దాని నిరోధం 6 మీటర్లకు 0.53 ఓములు. 3 ఆంపియర్లు పోతే 1.6 వోల్టులు తోవలోనే పోతాయి. లైటు మసకబారుతుంది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరుకైతే 0.12 ఓములు. పోయేది 0.35 వోల్టు, అంటే నూటికి 3 వంతులు. అది చాలు. రెండున్నర వైరు అక్కర్లేదు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. మా డబ్బా 10 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. లైటు దగ్గర రెండు కొసలు కలిసిపోతే ఆ 10 ఆంపియర్లూ వైరులోనే పారతాయి. టెలిఫోన్ వైరులో అప్పుడు 50 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మామూలు పి.వి.సి. తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే. ఎండాకాలం ఆ గదే 40 దాటుతుంది. కాబట్టి వైరు లైటుకు సరిపోతే చాలదు, డబ్బా తోయగలిగినదాన్ని కూడా మోయాలి. 1 చదరపు మిల్లీమీటరు వైరు మోస్తుంది. దానికి తోడు డబ్బా దగ్గరే 5 ఆంపియర్ల గాజు ఫ్యూజు పెట్టాం. ఫ్యూజు లైటు లాగే కరెంటు కంటే ఎక్కువ, వైరు మోసే కరెంటు కంటే తక్కువ ఉండాలి. ఇది గుర్తుంచుకుంటే చాలు.

లెక్క కాగితం చూసి వార్డెన్ సారు సంతకం పెట్టారు. వైరు డబ్బులు కూడా ఆయనే సర్దారు. షాపులో పాతవాళ్లు వైరును "నలభై-డెబ్బై ఆరు" అని అడుగుతారు. 40 పోగులు, ఒక్కో పోగు మందం అంగుళాన్ని 10 వేల భాగాలు చేస్తే 76 భాగాలు. అది 1 చదరపు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువే. పోగుల వైరు వంచినా తొందరగా విరగదు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూశాం. కొస ఒలిచి బ్లేడుతో గీకి చూశాం. కొన్ని చవక వైర్లలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటుంది. గీకితే తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే.

230 వైపు మూడు పోగుల గుండ్రటి కేబులు, పైన ఇంకో తొడుగు ఉన్నది, మూడు పిన్నుల ప్లగ్గుతో వేశాం. డబ్బా ఇనుపది, కాబట్టి ఎర్తు తప్పనిసరి. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టలేదు, స్క్రూ కనెక్టర్లు వాడాం. జాయింటు వదులైతే ఎంత మంచి వైరైనా అక్కడ కాలుతుంది. మొక్కలకు నీళ్లు చల్లుతాం కదా, అందుకని వైరును లైటు కంటే కిందికి వంచి మళ్లీ పైకి తీసుకుపోయాం. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, స్విచ్చి దాకా పోదు.

సైన్సు సారు మల్టీమీటరు పెడితే డబ్బా దగ్గర 12 వోల్టులు, లైటు దగ్గర 11.6. రెండు గంటల తర్వాత వైరు పట్టుకుంటే వేడి తెలియలేదు. రోజుకు అర యూనిట్ పైచిలుకు కరెంటు కాలింది. నారు పొట్టిగా, గట్టిగా వచ్చింది. ఫెయిర్‌లో మాకు బహుమతి రాలేదు. కానీ న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక మేడం మొక్కల గురించి ఒక ప్రశ్న, వైరు గురించి ఆరు ప్రశ్నలు అడిగారు. ఆరింటికీ జవాబు చెప్పాం.

తమ్ముళ్లూ! హాస్టల్లో సెల్‌ఫోన్ చార్జింగుకనో, ఫ్యానుకనో మనం ఏదో ఒక వైరు లాగుతూనే ఉంటాం. లాగే ముందు మూడు అడగండి. ఎంత కరెంటు? ఎంత దూరం? తప్పు జరిగితే ఎంత పారుతుంది? జవాబు తెలియకపోతే స్విచ్చి వేయకండి. మా లెక్క కాగితం, సారు సంతకంతో సహా, స్టోరు గది తలుపు లోపలి వైపు అంటించి ఉంది. వచ్చే ఏడు లైటు వేసేవాళ్లు చూసుకోండి, కొత్త లెక్క చేసి దాని పక్కన అంటించండి.