నాయన బండి, మూడు బ్యాటరీలు

మీ ఇంట్లోనూ ఒక పాత కప్చాయ్ ఉండే ఉంటుంది. ఉంటే ఈ నాలుగు మాటలు మీకు పనికొస్తాయి. నాకు ఇవి తెలిసేసరికి రెండేళ్లు పట్టింది, మూడు బ్యాటరీలు ఖర్చయ్యాయి.

మా నాయనది హోండా ఈఎక్స్5, కార్బురేటర్ కాలం నాటిది. బాగాన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటల మధ్య మా ఇల్లు. నాయనకు 74 ఏళ్లు. పొద్దున్న మార్కెట్టుకు, శనివారం సాయంత్రం రామభజనకు, ఊళ్లో పెళ్లయినా చావైనా ఆ బండి మీదే వెళతాడు. ఒకరోజు చీకటి పడేవేళ భజన నుంచి వస్తూ మలుపు దగ్గర బ్రేకు వేశాడు. వెనకాలే పామాయిల్ గెలల లారీ వస్తోంది. బ్రేకు దీపం వెలిగిందో లేదో లారీ అతనికి తెలియలేదు. ఆఖరి నిమిషంలో పక్కకు తిప్పాడు. నాయన కాలవగట్టు మీద పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే, దేవుడి దయ.

కౌలాలంపూర్ నుంచి పరుగెత్తుకొచ్చి నేనన్న మొదటి మాట, "బండి అమ్మేద్దాం నాయనా." ఆయన జవాబు చెప్పలేదు. రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు.

ఈ బండిలో ఒక చిక్కుంది. బ్యాటరీ చచ్చిపోయినా కిక్కు కొడితే ఇంజను లేస్తుంది, ఎందుకంటే ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ వేరు. హెడ్‌లైటూ బ్యాటరీ మీద ఆధారపడదు, ఇంజను తిరిగినంతసేపు వెలుగుతుంది. కాబట్టి తోలేవాడికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. హారన్, సిగ్నల్ దీపాలు, బ్రేకు దీపం మాత్రం బ్యాటరీ తిండి తింటాయి. నీరసించేది అవే. బ్రేకు దీపం వెనకాల ఉంటుంది కదా, తోలేవాడు చూడలేడు.

బెంకెల్‌కు తీసుకెళ్లిన ప్రతిసారీ ఒకటే మాట, "బ్యాటరీ పోయింది." కొత్తది పెట్టడం, కొన్ని నెలలకు మళ్లీ అదే కథ. మూడోసారి నాయన నాతో ఫోన్లో అన్నాడు, "కొత్తది ఎట్టినా దీని గొంతు రాలేదురా. మొదటి రోజే హారన్ మూలుగుతోంది." ముసలాయన చాదస్తం అనుకుని సరేసరే అన్నాను. రోగం పేరు ఆయన ఆరోజే చెప్పేశాడు, వినలేదు నేను.

బండి అమ్మే ముందు ఒక్కసారి చూద్దామని మల్టీమీటర్ కొన్నాను. పెద్ద ఖరీదైనది అక్కర్లేదు. ఇంజను ఆపి బ్యాటరీ మీద పెడితే 12.1 వోల్టులు. నిండుగా ఉన్నదైతే 12.6కు పైన చూపించాలి. ఇంజను లేపి, రోడ్డు మీద పోయేటప్పటి మోత వచ్చేదాకా యాక్సిలరేటర్ తిప్పితే అది 14 దాకా ఎక్కాలి. మాది 12.3 దగ్గర ఆగిపోయింది. అంటే బ్యాటరీ చెడిందో లేదో తర్వాతి సంగతి, దానికి తిండి అందడం లేదు.

కాయిల్ కాలిపోయిందేమో అనుకున్నాను. రెగ్యులేటర్ ప్లగ్గు ఊడదీసి కాయిల్ నుంచి వచ్చే తెల్ల తీగను ఏసీలో కొలిస్తే, మోత పెంచేకొద్దీ వోల్టులు చకచకా పెరిగాయి. కాయిల్ బాగుంది. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, మీరు చేయకండి. తెల్ల తీగకూ ఇంజను బాడీకీ మధ్య మీటరు కూత పెట్టింది, షార్టయిందని గాభరా పడ్డాను. ఈ చిన్న బండ్లలో కాయిల్ రెండో కొస ఎర్తుకే కట్టి ఉంటుంది, కూయడం సహజం. మూడు తీగల కాయిల్ ఉండే పెద్ద బండ్లలో అయితే అలా కూయకూడదు.

ఇక రెగ్యులేటర్. ప్లగ్గు మళ్లీ పెట్టి, వెనక నుంచి ఎర్ర తీగ పక్కగా సన్నటి సూది దూర్చి కొలిచాను. 14.6. అక్కడ 14.6 ఉంది, రెండడుగుల అవతల బ్యాటరీ దగ్గర 12.3. మిగతా 2.3 దారిలో ఎవరు తింటున్నారు? పాపం రెగ్యులేటర్ తన గుమ్మం దగ్గర 14 దాటడం చూసి, బ్యాటరీ కడుపు నిండిందనుకుని చెయ్యి ఆపేస్తోంది.

ఆ దారిలో ఉన్నది గాజు ఫ్యూజు ఒక్కటే. దాని తీగ తెగలేదు. ఇంజను ఆపి మీటరు పెడితే బాగానే కూసింది. అందుకే ఎవరూ దాన్ని అనుమానించలేదు. మీటరు పంపేది చీమంత కరెంటు, అది ఎలాగో దూరిపోతుంది. ఇంజను తిరుగుతుండగా ఫ్యూజుకు రెండు పక్కలా మీటరు ముళ్లు పెట్టి చూశాను, రెండు వోల్టులకు పైనే అక్కడే పోతున్నాయి. ఫ్యూజును పట్టుకునే ఇత్తడి రెక్కల మీద పచ్చటి చిలుము. మా ఊరికి సముద్రం దగ్గర, ఆ ఉప్పుగాలికి ఇనుప గేట్లే నిలవవు, ఇదెంత. హారన్ కరెంటూ ఆ ఫ్యూజు గుండానే పోవాలి. కొత్త బ్యాటరీ పెట్టినా గొంతెందుకు రాలేదో అప్పుడర్థమైంది.

రెండు రింగ్గిట్లు పెట్టి కొత్త ఫ్యూజు హోల్డర్ తెచ్చాను. పాతది కోసి తీగలు చిలుము పోయేదాకా గీకి, కొత్తది టంకం పెట్టి, పైన గ్రీజు రాశాం. రాశాం అంటే నాయన రాశాడు, నేను టార్చి పట్టుకున్నాను. మీటరు 14.2 చూపించింది. ఆయన దాన్ని చూడలేదు. హారన్ నొక్కాడు. పక్కింటి కుక్కలన్నీ లేచాయి.

శనివారం భజనకు బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపాను. "బ్రేకు నొక్కు నాయనా" అన్నాను. ఎర్రగా, నిండుగా వెలిగింది. "మళ్లీ" అన్నాను. మళ్లీ నొక్కాడు. మూడోసారి అడిగేసరికి, "టైమవుతోందిరా, తాళాలు నా దగ్గరే ఉన్నాయి" అని గేరు వేసుకుని వెళ్లిపోయాడు.