పబ్‌లో నా బారీ



ఇంగ్లండ్‌లో ఉద్యోగానికొచ్చిన మన పిల్లల అమ్మీలు నన్ను ఎక్కువసార్లు అడిగిన సవాల్ ఒకటుంది. "బేటా, ఆఫీసోళ్ళు పబ్‌కి పిలుస్తున్నారంట, మావాడు పోవచ్చా?" ఆ గొంతులో డర్ నాకు తెలుసు. పబ్ అనగానే మనవాళ్ళ కళ్ళముందు కదిలేది జూబ్లీహిల్స్ చీకటి, డీజే, తలుపు దగ్గర బౌన్సర్లు. లేదంటే మన ఊరి వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూమ్. నేను పదకొండేళ్ళుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నా. ఇక్కడి పాతకాలం పబ్ ఈ రెండూ కాదు. అలాగని షరాబ్ లేని చోటూ కాదు. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నా.

పబ్ అంటే పబ్లిక్ హౌస్, అంటే అందరి ఇల్లు. పాత చెక్క బెంచీలు, చలికాలంలో మండే పొయ్యి, బల్ల కింద పడుకున్న ఎవరిదో కుక్క. ఒక ముసలాయన ఒకే గ్లాసు ముందు పెట్టుకుని రెండు గంటలు పేపర్ చదువుతుంటాడు. ఎవరూ లెమ్మనరు. మన హైదరాబాద్ ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌తో పొద్దు గడిపే చిచ్చాలు నాకు గుర్తొస్తారు. వీటిలో కొన్ని ఒకప్పుడు సరాయిలు. లండన్ సదర్క్‌లో 'ది జార్జ్' అని ఒకటుంది, 1677లో తిరిగి కట్టింది. గుర్రబ్బండ్ల మీద వచ్చే ముసాఫిర్లు దిగడానికి కట్టిన చెక్క వసారాలు ఇంకా నిలిచి ఉన్నాయి.

ప్రతి పబ్ ముందూ ఒక బొమ్మ బోర్డు వేలాడుతుంది. 1393లో రెండో రిచర్డ్ బాద్షా లండన్‌లో ఏల్ అమ్మే ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండాలని హుకుం వేశాడు. ఏల్ అంటే ఒకరకం బీరే. ఆ బోర్డుల మీది పాత పేర్లలో 'సారసెన్స్ హెడ్', 'టర్క్స్ హెడ్' అనేవీ ఉన్నాయి. సారసెన్ అంటే క్రూసేడ్ల కాలంలో వీళ్ళు ముసల్మాన్‌కి పెట్టిన పేరు. అలాంటి బోర్డు మొదటిసారి చూసినప్పుడు, మనం రాకముందే మన తలకాయ ఇక్కడికొచ్చి వేలాడుతోందే అని నవ్వుకున్నా.

ఇక తిండి సంగతి. పాతకాలం పబ్‌లో వెయిటర్ వస్తాడని కూర్చుంటే కూర్చునే ఉంటారు. ముందు టేబుల్ చూసుకుని దాని నంబర్ గుర్తుపెట్టుకుని, కౌంటర్ దగ్గరికి మనమే వెళ్ళాలి. అక్కడ లైను కనిపించదు కానీ ఎవరి తర్వాత ఎవరో లోపలున్నవాడికి తెలుసు. చెయ్యి ఊపడం, డబ్బులు ఆడించడం బద్‌తమీజీ. ఆర్డర్ చెప్పి, అక్కడే డబ్బు కట్టి వస్తే తిండి టేబుల్ దగ్గరికి తెచ్చిస్తారు.

మాంసం మామూలుగా హలాల్ ఉండదు కాబట్టి అది పక్కన పెట్టండి. మిగిలేది చేప. చేపకి జబీహా గొడవ లేదు, కానీ పైన పూసే పిండిలో చాలాచోట్ల బీరు కలుపుతారు. మెనూలో 'బీర్ బ్యాటర్' అని రాస్తారు, రాయకపోయినా అడగండి. అదే నూనెలో సాసేజ్ వేయిస్తారేమో అడగండి. యార్క్‌షైర్ లాంటి ఉత్తరాది ఊళ్ళలో కొన్నిచోట్ల నూనెకి బదులు గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. సండే రోస్ట్‌తో ఇచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరుకి పుడ్డింగే, తీపి కాదు. పిండి, గుడ్డు, పాలు కలిపి వేడి కొవ్వులో కాల్చేది. 'స్టేక్ అండ్ ఏల్ పై'లో ఏల్ అంటే ఏమిటో ఇందాకే చెప్పాను. నిశ్చింతగా తినాలంటే జాకెట్ పొటాటో ఉంది. తొక్కతో కాల్చిన పెద్ద ఆలుగడ్డ, దాన్ని చీల్చి మధ్యలో వెన్న, ఉడికించిన బీన్స్.

అడగడానికి షరమ్ పడకండి. తిండిలో పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల సంగతి చెప్పి తీరాలని ఇక్కడ కానూన్ ఉంది. కాబట్టి అడిగేవాళ్ళు వాళ్ళకి కొత్త కాదు. అయితే ఆ పద్నాలుగులో షరాబ్ లేదు, పంది లేదు. ఆ రెండూ మనమే విడిగా అడగాలి.

తాగేవాటిలో మూడు ఖబర్దార్‌లు. అమెరికాలో సైడర్ అంటే యాపిల్ రసం, ఇక్కడ అది షరాబే. షాండీ అంటే లెమొనేడ్ కలిపిన బీరు. జింజర్ బీర్ పేరు వినగానే పారిపోనక్కర్లేదు, ఎక్కువగా అది అల్లం సోడానే. కానీ షరాబ్ ఉన్న రకాలూ అమ్ముతారు, సీసా మీద చదవండి. నా ఆర్డర్ ఎప్పుడూ ఒకటే, లైమ్ అండ్ సోడా. ఇంకో మాట, తల్లిదండ్రుల కోసం. పద్దెనిమిది నిండనివాళ్ళకి షరాబ్ అమ్మరు. కానీ పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళతో కూర్చుని భోంచేస్తుంటే, ఆ పెద్దవాళ్ళు కొనిచ్చిన బీరో, వైనో, సైడరో తాగడానికి ఇక్కడి కానూన్ ఒప్పుకుంటుంది. స్నేహితుల ఇంటివాళ్ళతో భోజనానికి వెళ్ళే పిల్లలకి ముందే చెప్పి పంపండి.

ఇంతవరకూ ఆసాన్. అసలు ముష్కిల్ గ్లాసు దగ్గర కాదు, బారీ దగ్గర వస్తుంది.

నలుగురు కలిసి పబ్‌కి వెళ్తే ఎవరిది వాళ్ళు కొనుక్కోరు. మొదట ఒకడు లేచి అందరికీ తెస్తాడు. తర్వాత ఇంకొకడు. దీన్ని రౌండ్ అంటారు, మన మాటలో బారీ. ఇది వీళ్ళ మెహమాన్ నవాజీ. తాగనని చెప్తే ఈరోజుల్లో ఎవరూ ఏమీ అనుకోరు, బండి నడపాలనో డాక్టర్ వద్దన్నాడనో తాగనివాళ్ళు వాళ్ళలోనే బోలెడుమంది. కానీ అందరి బారీలోనూ తాగి, తన బారీ వచ్చేసరికి ఫోన్ చూసుకునేవాణ్ణి మాత్రం కంజూస్ అని చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. మనకేమో తాగడమే కాదు, పోయడం, మోయడం, అమ్మడం, కొనడం అన్నీ లానత్ కిందికొచ్చేవే.

మా అబ్బాకి నెల్లూరు దగ్గర పల్లెలో కిరాణా కొట్టు ఉండేది, పక్కనే సారా దుకాణం. సాయంత్రం అయితే అక్కడివాళ్ళు మా కొట్టుకొచ్చి మిక్చరూ, గ్లాసులూ అడిగేవాళ్ళు. అబ్బా మిక్చర్ ఇచ్చేవాడు, గ్లాసు ఇచ్చేవాడు కాదు. "ఆకలికి అమ్ముతా, దానికి అమ్మను" అనేవాడు. అప్పట్లో గ్లాసుల మీద లాభం మాకు చిన్నది కాదు. మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు, 1993లో సర్కార్ సారా బంద్ చేసింది. అబ్బా మాత్రం ఆ బంద్ తన కొట్లో ఎప్పుడో పెట్టుకున్నాడు. నేను ఆఫీసువాళ్ళతో పబ్‌కి భోజనానికి వెళ్ళాల్సి వస్తుందని ఫోన్లో చెప్తే, తాగుతావా అని అడగలేదు. "ఎవరికైనా పోస్తావా?" అని ఒక్కటే అడిగాడు.

ఆ సవాల్ పట్టుకునే నేనొక ఆలిమ్ సాబ్ దగ్గరికి వెళ్ళా. షరాబ్ తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దన్న హదీస్ గుర్తుచేశారు. తాగే వేళకి వెళ్ళకు, తినే వేళకి వెళ్ళు, టేబుల్ వేరు చేసుకో, కొనకు, మోయకు అన్నారు. మా మస్జిద్‌లో నా దోస్త్ ఒకడు ఆ గడపే తొక్కకూడదంటాడు. పదేళ్ళుగా ఏ టీమ్ లంచ్‌కీ పోలేదు. వాడి తక్వా మీద నాకు ఇజ్జత్ ఉంది. ఈ విషయంలో మేమిద్దరం ఇప్పటికీ ఒప్పుకోం.

మొదటి లంచ్‌కి ముందే మా టీమ్‌లోని పెద్దాయనతో మాట్లాడా. అరవై దాటిన ఇంగ్లీషాయన, బారీ విషయంలో పక్కా. "నేను తాగను, అది మీకు తెలుసు. ఎవరికీ షరాబ్ కొననూ లేను. అది ఉన్న టేబుల్ దగ్గర కూర్చోవడమూ నాకు కష్టం. కానీ నా బారీ ఎగ్గొట్టను" అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా గుండె దడదడ కొట్టుకుంది, రోజూ మొహం చూసుకోవాల్సిన మనుషులు కదా. చివరికి ఆయన, "సరే, పింట్ కావాల్సినవాళ్ళం కౌంటర్ దగ్గరే నిలబడి తాగేసి వస్తాం. పుడ్డింగులు నీవి" అన్నాడు.

పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. దాన్ని నిదానంగా కూర్చుని తాగడమే ఆయనకి ఇష్టమని నాకు తెలుసు. నా కోసం నిలబడి తాగాడు. అప్పట్నించీ మా టీమ్‌లో పుడ్డింగ్ బారీ నాది. అందరికీ స్టికీ టాఫీ పుడ్డింగ్ చెప్తా. అందులో వేసేది ఖజూర్. నరమ్‌గా తరిగిన ఖజూర్‌తో కేక్, పైన వేడి టాఫీ పాకం. ఒక రంజాన్ ముందు, మేం రోజా విప్పేదీ ఈ పండుతోనే అని చెప్తే అందరూ చెంచాలు ఆపి విన్నారు.

ఇక్కడ ఇంకొకాయన సంగతి చెప్పాలి. మా పక్కనే స్మెథిక్ అని ఊరుంది. 1960లలో అక్కడి పబ్‌లలో మన రంగువాళ్ళని కొన్ని గదుల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఫౌండ్రీల్లో చెమటోడ్చిన పంజాబీలు, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్‌తో కలిసి దానిమీద పోరాడారు. వాళ్ళ పిలుపు మీద 1965 ఫిబ్రవరి 12న మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చాడు. హజ్ చేసొచ్చిన మనిషి, షరాబ్ ముట్టని మనిషి. ఆయన్ని అక్కడి పబ్‌కీ తీసుకెళ్ళారు, రంగు చూసి ఎలా ఆపుతారో చూపించడానికి. తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో ఆయన్ని కాల్చి చంపారు. అదే ఏడాది వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టం పబ్ లాంటి చోట్ల రంగు చూసి ఆపడాన్ని నిషేధించింది. ఈరోజు ఆ చుట్టుపక్కల పంజాబీలే నడిపే పబ్‌లున్నాయి, నాన్ కూడా పెడతారు.

తాగనివాడు పబ్ గడప దగ్గరికి ఎందుకెళ్ళాడు? లోపలికి రావాలా వద్దా అన్నది తన ఇష్టం కావాలి గానీ ఇంకొకడి హుకుం కాకూడదని. నా దోస్త్ పోకపోవడమూ, నేను లంచ్‌కి పోవడమూ రెండూ ఆ ఇష్టంలోవే. ఎవరూ ఆపకుండానే ఆగగలగడంలో ఒక ఇజ్జత్ ఉంది.

కాబట్టి అమ్మీలూ, మీవాడు అడిగితే "పో" అనో "వద్దు" అనో చెప్పేముందు నియ్యత్ అడగండి. భోజనానికా, సాయంత్రం కాలక్షేపానికా? వాడి బారీలో ఏమిస్తాడో ముందే చెప్పాడా? తాగనని చెప్పే హిమ్మత్ మన పిల్లలకి ఉంది. పోయనని నవ్వుతూ, ముందుగా, అదబ్‌తో చెప్పడం మనం నేర్పాలి. అల్లాహ్ వాళ్ళకి ఆసాన్ చేయాలి. ఆమీన్.