సంఖ్య యెవరి పేర నున్నది?

బియ్యము కొనునపుడు గింజను అరచేతిలో బోసికొని చూతుము. బంగారము కొనునపుడు తరుగెంత, మజూరీ యెంత యని యడుగక విడువము. చీర కొంగు చివర వరకు విప్పించి చూచినగాని మనకు తృప్తి కలుగదు. ఇంత నేర్పు గల మనమే సెల్‌ఫోను మాట వచ్చినపుడు, "అది పిల్లల పని, మనకేమి తెలియును?" అని ప్రక్కకు తొలగుదుము. నేడు మన బాంకు లెక్క, పింఛను, గ్యాసుబండ, పిల్లల బడి సమాచారము సర్వమును ఆ ఫోను మీదనే నడచుచున్నవి. కావున దాని కొనుబడిని, దానివెంట వచ్చు ఒప్పందమును మనము స్వయముగా చూచుకొనవలసినదని నా యభిప్రాయము. అందుకు నిదర్శనముగా మా అక్కయ్య సంగతి చెప్పెదను.

మా బావగారు స్వర్గస్థులై మూడు సంవత్సరములైనది. వారు జీవించియుండగా తమ పేరనే రెండు సిమ్ కార్డులు తీసికొని, ఒకటి తాము వాడుకొనుచు, రెండవది అక్కయ్యకిచ్చిరి. ఆమె కుటుంబ పింఛను వచ్చిన వార్తయు, బాంకువారు పంపు రహస్య సంఖ్యయు ఆ నంబరునకే వచ్చును. ఫోను ఏడేండ్లనాటిది. గడచిన సంవత్సరము బాంకువారి యాప్ అందులో పనిచేయుట మానినది. "అమ్మా! పాతది దుకాణములో నిచ్చివేసి క్రొత్తది తెచ్చుకొందము. మిగిలిన సొమ్ము నెలనెలకును కట్టవచ్చును" అని కుమారుడు చెప్పగా, మేము మువ్వురమును ఒక దినమున అబిడ్సునకు బోయితిమి.

అబిడ్సునకు ఆ పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ గారి అంగడి వలన వచ్చినది. ప్రభువు ఒకమారు తొడిగి విడిచిన వస్తువులనే ఆయన తన యంగడికి జేర్చి, మరల ప్రభువునకే విక్రయించెడివాడని నగరమున నొక కథ చెప్పుకొందురు. ఆ యంగడి నేడు లేదు. అదే ప్రాంతమున జగదీశ్ మార్కెటు కలదు. క్రొత్త ఫోనులు, వాడిన ఫోనులు, తొడుగులు, పగిలిన అద్దములు మార్చువారు, చెడినవానిని బాగుచేయువారు అందరును అక్కడ కన్పట్టుదురు. నాంపల్లి స్టేషనులో దిగిన పరవూరివారును కొద్ది నిముషములలో అక్కడికి చేరగలరు. పాతది యిచ్చి క్రొత్తది పుచ్చుకొను బేరము ఈ వీథికి నేటిది గాదని, ఆబిద్ గారి కథ చెప్పి అక్కయ్య నవ్వెను.

మేము ప్రవేశించిన దుకాణములో ఒక ఫోనునకు రొక్కము ధర 21,000 రూపాయలు. వాయిదాలయినచో నెలకు 2,000 చొప్పున పండ్రెండు నెలలు. "వడ్డీ లేదమ్మా" అని అచ్చటి పిల్లవాడు చెప్పెను. "వడ్డీ లేకున్నచో మీకు గిట్టుబాటెట్లు నాయనా?" అని అక్కయ్య యడిగెను. అప్పుడు కాగితముల ఖర్చు 800 అనియు, ఫోనునకు బీమా 1,200 అనియు బయటపడినవి. బీమాను మేమెవరమును అడిగియుండలేదు. పండ్రెండు వాయిదాలు 24,000; పై ఖర్చులు 2,000; మొత్తము 26,000. వడ్డీ యను పేరు లేదుగాని, రొక్కము ధర మీద అయిదువేలు అదనముగ నున్నవి!

ఇట్టి చోట మనకొక యాధారము కలదు. భారత రిజర్వు బాంకు 2024 ఏప్రిలులో నిచ్చిన యుత్తరువు ననుసరించి, ఆ సంవత్సరము అక్టోబరు 1 మొదలుగా, అప్పిచ్చు బాంకులును ఋణసంస్థలును ఒప్పందమునకు ముందే ముఖ్య వివరముల పత్రమును ఈయవలెను. అన్ని ఖర్చులును గలిపిన సాలుసరి వడ్డీ రేటును అందు చూపవలెను. అది అప్పు తీసికొనువారికి తెలిసిన భాషలో నుండవలెను. అక్కయ్య ఆ పత్రమును తెలుగులో నిమ్మనెను. రేపు తెప్పించెదమనిరి. "అట్లయిన సంతకమును రేపే చేసెదను" అని ఆమె లేచెను. పిమ్మట వేరొక దుకాణములో, తాను కూడబెట్టిన సొమ్ముతో, 12,000 రూపాయల ఫోను రొక్కమునకు కొనెను. పాత ఫోనునకు 1,500 ఇచ్చెదమనిరిగాని ఆమె యొప్పుకొనలేదు. బావగారు మాటలాడిన చిన్న చిన్న సందేశములు కొన్ని అందున్నవి.

ఫోను బేరము ఇంతటితో ముగిసినది. చిక్కు పిమ్మట వచ్చినది. పాత ఫోనులోని సిమ్ కార్డును దీసి క్రొత్తదానిలో నుంచిన, అది పలుకలేదు. మరల పాతదానిలో నుంచినను పలుకలేదు. చాలకాలము వాడిన కార్డు, అరిగిపోయినది కాబోలు. వేరు కార్డు కొరకు కంపెనీవారి కార్యాలయమునకు బోయితిమి. అచ్చటి గుమాస్తా సంఖ్యను జూచి, "ఇది ఎవరి పేర నున్నదో వారు స్వయముగా రావలెనమ్మా" అనెను. "వారు రాలేరు నాయనా" అని అక్కయ్య మెల్లగా జెప్పెను.

ఆ పిల్లవాడు మర్యాదగలవాడు. కావలసినవి విడమరచి చెప్పెను. బావగారి మరణ ధ్రువపత్రము, అక్కయ్య ఆధారు, ఛాయాచిత్రము, తక్కిన వారసుల సమ్మతి పత్రము. కుమారుని సంతకము ఇచ్చటనే దొరకినది. కుమార్తె అమెరికాలో డాలసు నగరమున నున్నది. ఆమె పత్రము వచ్చి, పని ముగియుటకు పది దినములు పట్టెను. ఆ పది దినములును పింఛను పడినదో లేదో తెలియదు. బాంకు రహస్య సంఖ్య రాదు. కరెంటు బిల్లు కట్టుటకు సైతము కుమారునే అడుగవలసి వచ్చెను. "ఈ సంఖ్య మీ నాన్న నాకిచ్చినది. దానిని నిలుపుకొనుటకు నీ సంతకము కావలసి వచ్చెను గదా!" అని ఆమె కుమారునితో ననెను. అతడు తల వంచుకొనెను. తుదకు కార్యాలయములో, "పేరు చెప్పుడమ్మా" అని గుమాస్తా యడుగగా, అక్కయ్య తన పేరును ఇంటిపేరుతో సహా స్పష్టముగా చెప్పి సంతకము చేసెను.

ఫోను కంటె సంఖ్య యెట్లు ముఖ్యమైనదో కొంచెము వెనుకకు బోయి చూచిన తెలియును. మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారికిని, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాంగారికిని నడుమ జరిగినది. ఆ దినములలో మనకు వచ్చిన పిలుపునకును మనమే డబ్బు కట్టవలసి యుండెను. 2003 మే నెలలో ఆ భారము తొలగినది. ఆ యేడే రిలయన్స్ ఇన్ఫోకాంవారు ముందుగా 501 రూపాయలు మాత్రము పుచ్చుకొని, తక్కినది నెలనెలకును చెల్లించు ఒప్పందము మీద ఫోనుల నిచ్చిరి. నాటి ఆ ఫోనులలో సంఖ్య ఫోనులోనే యిమిడియుండెను. తరువాత సిమ్ కార్డుల వలన ఫోను వేరు, సంఖ్య వేరు అను పద్ధతియే మనకు వాడుకయైనది. 2011 జనవరి 20 నుండి దేశమంతటను సంఖ్యను మార్చకయే కంపెనీని మార్చుకొను వీలును కలిగినది. అనగా ఫోనులెన్ని మారినను, కంపెనీలెన్ని మారినను, సంఖ్య జీవితాంతము మనతో నుండగలదు. అట్టిదానికి యజమాని యెవరను ప్రశ్న చిన్నది గాదు.

డాలసునందలి అక్కయ్య కుమార్తె అచ్చటి పద్ధతిని చెప్పినది. పాతదిచ్చినచో క్రొత్త ఫోను ఉచితమని అచ్చట ప్రకటింతురట. కాని ఆ విలువను ఒక్కమారుగా నీయక, మూడేండ్ల బిల్లులలో కొంచెము కొంచెముగా తగ్గింతురు. నడుమ ఆ కంపెనీని విడిచినచో ఫోను బాకీ మిగులును. ఉచితమను మాటకు ఏ దేశముననైనను గడువొకటి తగిలియుండును.

మన రీచార్జీలలోను గడువును లెక్కింపవలెను. ఇరువదియెనిమిది దినముల ప్రణాళిక నెలకొకమారుగా తోచును; కాని సంవత్సరమునకు పదుమూడు మారులు కట్టవలసి వచ్చును. అందుచే 2022లో టెలికాం నియంత్రణ సంస్థ, ప్రతి కంపెనీయు ముప్పది దినముల ప్రణాళికను, ప్రతి నెలయు ఒకే తేదీన వేయించుకొనదగిన మరియొకదానిని ఉంచవలెనని నిర్ణయించినది. ఇంటర్నెట్టు అక్కరలేని పెద్దవారి కొరకు, మాటలకును సందేశములకును మాత్రమే చెల్లించు ప్రణాళికలుండవలెనని 2024 డిసెంబరులో చెప్పినది. అడిగినవారికే ఇవి తెలియును.

వాడిన ఫోనును కొనువారు మరియొక జాగ్రత్త పడవలెను. స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ అని నొక్కినచో ఆ ఫోనునకు గల పదునైదంకెల గుర్తుసంఖ్య కనబడును. బిల్లు మీది సంఖ్య అదియే కావలెను. ప్రభుత్వమువారు 2023 మే నెలలో దేశమంతటికిని తెచ్చిన సంచార్ సాథీ యందు ఆ సంఖ్య సరియైనదో కాదో చూచుకొనవచ్చును. ఫోను పోయినచో దానిని పనిచేయకుండ నిలిపించుకొనవచ్చును. మన పేర నెన్ని సిమ్ కార్డులున్నవో తెలిసికొనవచ్చును. పాత ఫోను నిచ్చివేయుటకు ముందు అందలి చిత్రములను వేరుచోట భద్రపరచి, బాంకు యాప్‌లను, ఖాతాలను పూర్తిగ తుడిచివేయవలెను. దుకాణదారుడు మోసపుచ్చినచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో, కొన్న వస్తువు విలువ అయిదు లక్షలు మించనిచో, ఫిర్యాదునకు రుసుము లేదు. రశీదును మాత్రము పారవేయరాదు.

సోదరీమణులారా! భర్త పేరనో, కుమారుని పేరనో సంఖ్య యుండుట ప్రేమకు లోటు గాదు. వారు మేలుకోరియే తీసికొందురు. కాని వారు లేని దినమున, లేదా దూరమున నున్న దినమున, మన నోటిమాటకు కార్యాలయములో విలువ యుండవలెనన్నచో కాగితము మీద మన పేరుండవలెను. అన్నియు సవ్యముగా నున్నపుడే ఆ మార్పు సులభము. ఇంటిలో అందరును గూడియున్న సాయంకాలమున ఈ ప్రశ్న నొకమారు అడుగుడు: నా సంఖ్య ఎవరి పేర నున్నది?